బావిలో పెట్టిన కాలు

ఆ రోజు కంది కట్టె మోపు నెత్తిన పెట్టుకుని చేని నుంచి వస్తున్నాను. ఎడమ చీలమండ పైన ఉన్నట్టుండి మంట మొదలైంది. ముల్లు గీరిందేమోనని వంగి చూశాను. ఏమీ లేదు. మరునాటికి అక్కడ చింతగింజంత బొబ్బ లేచింది. కోడుమూరు వైపు మా ఊళ్లలో ఎండాకాలం వస్తే ఎవరికో ఒకరికి నారికురుపు లేవడం మామూలే. అందుకే నేను భయపడలేదు.

మంటను మాత్రం ఓర్చుకోలేకపోయాను. మా ఊరికి మంచినీళ్లకు ఒకటే దిగుడు బావి. మెట్లు దిగి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి బిందె ముంచుకోవాలి. నీళ్లలో కాలు పెట్టగానే మంట చల్లారింది. నారికురుపు లేచినప్పుడు మా అమ్మ కూడా అలాగే చేసేది. ఇక రోజూ రెండు పూటలా బిందె నింపుకున్నాక, ఆ కాలు నీళ్లలో ఉంచి మెట్టు మీద కాసేపు కూర్చునేదాన్ని. బొబ్బ పగిలి, తెల్లటి నూలు పోగులాంటి పురుగు తల బయటపెట్టింది.

ఇక్కడ మరియమ్మ గురించి చెప్పాలి. ఆమెది నా ఈడే. ముప్పై ఏళ్లు కలుపు తీతల్లో పక్కపక్క సాళ్లలో పని చేశాం. వాళ్ల వీధివాళ్లు బావిలోకి దిగకూడదని ఊరి కట్టుబాటు. వాళ్లు చర్చిలో కలిసినా అది మారలేదు. మెట్ల పైన కుండ పెట్టుకుని, ఎవరైనా పోస్తారని ఎదురుచూసేవాళ్లు. మరియమ్మ కుండ ఎప్పుడూ నేనే నింపేదాన్ని. ఆ వేసవిలో కూడా, పుండు కాలితో నీళ్లలో నిలబడి నింపాను.

పురుగును పుల్లకు చుట్టి రోజుకు కొంచెం కొంచెంగా లాగాలి. వారం రోజులు అలాగే చేశాను. ఎనిమిదో రోజు విత్తనపు వేరుశనగ ఒలిచే పనికి పోవాలని తొందరపడి గట్టిగా లాగాను. పుటుక్కున తెగింది. తెగిన ముక్క లోపలికి పోయింది. రెండు రోజుల్లో కాలు మోకాలి దాకా వాచింది. చలిజ్వరం పట్టుకుంది. కోడలు సుంకమ్మ వేపాకు నూరి కట్టింది, తగ్గలేదు. నా కొడుకు బండి కట్టి కర్నూలు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అప్పుడు ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలే రాజధాని. దారి పక్కన ఆఫీసుల గుడారాలు ఉన్నాయని తర్వాత విన్నాను గానీ ఆ జ్వరంలో నాకవి కనిపించలేదు.

డాక్టరు గారు కాలు నొక్కి చూసి, “సెప్టిక్ అయింది. లోపల యాబ్సెస్, చీముగడ్డ ఉంది. ఇవాళే కోయాలి” అన్నారు. కాలు తీసేస్తారా అని అడిగాను. పెన్సిలిన్ పని చేస్తే తీయక్కర్లేదు, చూద్దాం అన్నారు. ఆ “చూద్దాం” అన్న మాట మీద తొమ్మిది రోజులు పడుకున్నాను. గడ్డ కోశాక రోజూ ఇంజెక్షన్, రోజూ డ్రెస్సింగ్. అంటుకుపోయిన గుడ్డ ఊడదీసేటప్పుడు కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని.

జ్వరం దిగి, కాలు తీయక్కర్లేదని తేలిన రోజు, ఈ కాలితో ఎక్కడైనా నీళ్లలో దిగావా అని డాక్టరు గారు అడిగారు.

“బాయిలోనే సామీ. సల్లగుంటాదని దినామూ పెడ్తాంటి” అన్నాను.

ఆయన స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. తర్వాత మెల్లగా వివరించారు. గినీ వర్మ్ అంటే ఈ పురుగే. దాని పుండు నీళ్లలో పెడితే పురుగు పిల్లలు నీళ్లలో పడతాయి. వాటిని మింగిన సన్నటి నీటిపురుగులు తాగే నీళ్లతో మన కడుపులోకి పోతాయి. ఏడాది తిరిగాక పురుగు కాలిలోంచి బయటికి వస్తుంది. “పోయిన ఏడాది ఎవరో నీకిచ్చారు. ఈ ఏడాది నువ్వు ఊరికిచ్చావు. గుడ్డతో వడగట్టి తాగితే రాదమ్మా” అన్నారు.

అప్పటిదాకా నా కాలి గురించే నా దిగులు. ఆ మాట విన్నాక ఊరి దిగులు పట్టుకుంది. వెంటనే ఊళ్లో చెప్పమని కొడుకును పంపాను. అందరూ నవ్వారట. మీ అమ్మకు జ్వరం నెత్తికెక్కింది, మన పెద్దలు గుడ్డలు కట్టుకుని తాగారా అన్నారట.

నెలన్నరకు ఇంటికి వచ్చాను. మడమ నేలకు ఆనలేదు. రోజూ నడవాలని డాక్టరు గారు చెప్పారు. నడిస్తే పుండు మళ్లీ పగిలి, మిగిలిన పురుగు ముక్క బయటపడింది. మళ్లీ మొదటి నుంచి డ్రెస్సింగ్. ఆ రోజుల్లోనే గ్రామసేవిక చావడిలో ముసలి ఆడవాళ్లకు మధ్యాహ్నం బడి పెట్టింది. కర్ర ఊతంతో వెళ్లి, కాలు చెక్క మీద చాపుకుని అక్షరాలు నేర్చుకున్నాను. కొడవలి పట్టిన వేళ్లకు బలపం నిలవలేదు. ఎన్ని విరిచానో. నారికురుపు మీద అచ్చు వేసిన కాగితం గ్రామసేవిక దగ్గర ఉంది. అది చదవాలని నా పట్టు. చదివాను. నా మాట నమ్మకపోతే అచ్చు మాట వినండని ఇల్లిల్లూ తిరిగి చదివి వినిపించాను. కొందరు వడగట్టడం మొదలుపెట్టారు. అప్పటికే తాగిన నీళ్లను ఎవరు వడగట్టగలరు?

మరుసటి వేసవిలో ఊళ్లో చాలా ఇళ్లలో నారికురుపులు లేచాయి. మా ఇంట్లో నా కొడుక్కీ లేచింది. ఒక రోజు మరియమ్మ కుంటుకుంటూ వచ్చి మా వాకిట్లో కూర్చుంది.

“నేను బాయిలో దిగిందే లేదు గదమ్మా. నాకెట్లొచ్చె?” అంది.

డాక్టరు గారు చెప్పిందంతా మళ్లీ విడమరిచి చెప్పాను. పుండు కాలితో నిలబడి నీ కుండలో పోసింది నేనే అని, ఇక ఎవరూ అలా దిగకుండా బావి దగ్గర కూర్చుంటానని కూడా చెప్పాను. ఆమె కొంగుతో తన కాలి మీది ఈగలు తోలుకుంది.

“ముప్పై ఏండ్లు నువ్వు పోసిన నీళ్లు తాగినా. ఇంగ ఒడగట్టి పొయ్” అంది. లేవబోతూ, “కూలికి పోలేను. కూసోమంటే కూసుంటా. బాయి కాడ నేనూ ఉంటా” అంది.

మర్నాడు ఇద్దరం మెట్ల పైన కూర్చున్నాం. వారంలో బడిలోని మరో నలుగురు ముసలివాళ్లు వంతులు వేసుకున్నారు. పుండు ఉన్నవాళ్లు దిగకూడదు, వాళ్ల కుండ మేమే నింపిస్తాం. దిగేవాళ్లు ఎవరి ఇంటి గుడ్డ వాళ్లు తెచ్చుకుని, నాలుగు మడతలు వేసి బిందె మూతికి కట్టుకోవాలి. ఇదీ మా పద్ధతి.

“ఏమవ్వా, బాయికి కాపలానా? జీతమెంత?” అని పడుచువాళ్లు ఎగతాళి చేశారు.

“నీ కాలే మా జీతమప్పా. అది బాగుంటే శానా” అంది మరియమ్మ.

ఒక పెద్దింటి ఆమె మాత్రం, గుడ్డ సరిగా ఉందో లేదోనని మరియమ్మ తొంగిచూసిన బిందె ఇంటికి తీసుకుపోనని నీళ్లు పారబోసింది. నాకు కోపం వచ్చింది.

“ఆమె సూసింది, అంతే. పుండు కాలు పెట్టింది నేను. పోయినేడు ఆ నీళ్లు తీస్కపోతిరే” అన్నాను.

నా తప్పును ఊరందరి ముందు చెప్పుకోవడం అదే మొదటిసారి. ఆ పెద్దింటామె బిందె మళ్లీ నింపుకుని, ఈసారి గుడ్డ తనే బిగించుకుంది.

తర్వాతి వేసవిలో నారికురుపులు రెండు మూడిళ్లలోనే కనిపించాయి. ఆ పై ఏడాది మరియమ్మ వీధిలో ఒక్కటీ లేదు. ఇప్పుడు బ్లాకు ఆఫీసు వాళ్లు మెట్లు మూసి, గోడ కట్టి, గిలక పెట్టారు. నేను ఇంకా కుంటుతూనే నడుస్తాను, కానీ చేని దాకా పోయి రాగలను. ఊరు ఆ గిలక తాడును మరియమ్మ చేతికి ఇంకా ఇవ్వలేదు. మా ముసలివాళ్లం రోజూ గట్టు దగ్గరికి పోవడం మానలేదు. తాడు ఆమె చేతికి ఇప్పించే పని మిగిలే ఉంది.

మీ ఊళ్లో ఇంకా దిగుడు బావి ఉంటే ఒక్క మాట. కాలి మీద బొబ్బ లేచి మండితే ఇంటి దగ్గరే చెంబుతో నీళ్లు పోసుకోండి, ఆ నీళ్లు బావికి దూరంగా పారేలా చూడండి. బావిలో మాత్రం కాలు పెట్టకండి. పెట్టాలనిపించినప్పుడు తల ఎత్తి, మెట్ల పైన కుండ పట్టుకుని ఎవరు నిలబడి ఉన్నారో చూడండి.