పొద్దున్నే లేచే గొంతు

ఆవిడకో పేరుంది కానీ కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనిపించదు. ఎవరింటికి కంప్యూటర్ బాగుచేయడానికి వెళ్లినా ముందు సంచిలోంచి నారింజ రంగు బ్లోయర్ తీసి, డబ్బా మూత విప్పి, లోపలి దుమ్మంతా ఊది పారేస్తుంది. అందుకని వీధి వీధంతా బ్లోయరక్క అనే పిలుస్తారు. ఇంట్లో అత్తగారు కూడా ఆ పేరే ఖాయం చేసేసింది. కోడలి కోపానికి అంతకన్నా తగిన పేరు దొరకదని ఆవిడ అభిప్రాయం.

భర్త నడిపిన ఇంటర్నెట్ సెంటర్ మూతపడి, ఆయన వేరే ఊళ్లో ఉద్యోగం వెతుక్కున్నాక, అమ్ముడుపోని పాత కంప్యూటర్లు ఇంట్లో మిగిలాయి. వాటిని విప్పి బిగించి, మళ్లీ విప్పి బిగించి బ్లోయరక్క పని నేర్చుకుంది. చెవితో నేర్చుకుందనాలి. ఫ్యాను చప్పుడు వింటే మెషీను ఎందుకు ఆయాసపడుతోందో ఆవిడకి తెలిసిపోతుంది. అందుకే పని మొదలెట్టగానే స్పీకర్ల వైరు పీకేస్తుంది, టీవీ కట్టేయమంటుంది, ఇంట్లోవాళ్లని కాసేపు నోరు మూసుకోమంటుంది. అదీ మరీ మర్యాదగా ఏం కాదు.

కంప్యూటర్ ఆన్ చేయగానే తమంతట తాము లేచి కూర్చునే ప్రోగ్రాములంటే ఆవిడకి ఒళ్లుమంట. ఎప్పుడో ఒక పాట కోసమో ఆట కోసమో ఏదో దింపుకుంటాం. అది వస్తూ వస్తూ ఇంకో నాలుగింటిని మెషీన్లోకి దించుతుంది. అవన్నీ స్టార్టప్ లిస్టులో పేరు రాయించుకుని, పొద్దున్నే మనకన్నా ముందు లేచి, తెర వెనక కూర్చుని తింటుంటాయి. బ్లోయరక్క ఆ లిస్టు తెరిచి పైనుంచి కిందికి ఒక్కొక్కదాన్నీ డిసేబుల్ చేసుకుంటూ వస్తుంది. తెలిసినదైతే ఒక క్షణం ఆలోచిస్తుంది. తెలియనిదైతే ఆ క్షణం కూడా దండగ. ఎవరైనా భయపడితే, ఆపినంత మాత్రాన చచ్చిపోవులే, కావాలంటే మౌస్‌తో నొక్కుకో, లేస్తాయి అంటుంది. ఇన్నేళ్లలో ఆ మాట ఎక్కడా తప్పుపోలేదు.

అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం అనౌన్సర్ గారింటికి వెళ్లింది.

గడప ముందు చెప్పులు విడుస్తుంటే లోపల్నుంచి టింగ్‌టాంగ్‌మని గంట మోగింది. ఆ వెంటనే బస్టాండ్లో వినిపించే గొంతు, గుండ్రంగా, ఖంగుమంటూ, ఇల్లంతా నిండిపోయేలా వినిపించింది.

"ప్రయాణికులకు గమనిక. ఒకటో నంబరు ప్లాట్‌ఫారం పైకి వచ్చుచున్నది."

బ్లోయరక్క ఒక చెప్పు కాలికుండగానే ఆగిపోయింది. ముందుగదిలో కిటికీ పక్క కుర్చీలో ఒక ముసలాయన ఆవిడనే చూస్తున్నాడు. కుడిచెయ్యి ఒళ్లో పడి ఉంది, ఎడమచెయ్యి కీబోర్డు మీద ఉంది. పెదవులు కదల్లేదు. ఆ గొంతుకి ముప్పై ఏళ్లుంటాయేమో, మనిషికి డెబ్బై దాటాయి.

ఆయన భార్య పిన్నిగారు వంటింట్లోంచి నవ్వుకుంటూ వచ్చి సంగతి చెప్పింది. ఆయన జీవితమంతా బస్టాండ్లో అనౌన్సరుగా చేశారు. పక్షవాతం వచ్చి కుడిపక్కా, మాటా రెండూ పోయాయి. ఎడమచేతిలో కూడా రెండు వేళ్లే సరిగ్గా ఆడతాయి. ఆయన మేనల్లుడు పాత బస్టాండు క్యాసెట్లు సంపాదించి, ఆ ప్రకటనల్ని ముక్కలుగా కత్తిరించి, ఒక్కో మీటకి ఒక్కో ముక్క తగిలించాడు. ఆయన మీట నొక్కుతారు, ఆయన పాత గొంతే పలుకుతుంది. కాకపోతే ఉన్నవన్నీ బస్టాండు మాటలే. టీ రాకపోతే "ఆలస్యంగా నడుచుచున్నది" అంటారు. బాత్రూముకి వెళ్లాలంటే "బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది" అంటారు. ఇంటికొచ్చిన వాళ్లెవరైనా వెళ్లిపోతుంటే వెనకనుంచి "మీ సామాన్లకు మీరే బాధ్యులు" అని సాగనంపుతారు. భార్యని పిలవాలంటే మాత్రం తప్పిపోయినవాళ్ల ప్రకటన వాడతారు.

ఆయన అప్పుడే ఆ మీట నొక్కి చూపించాడు. "మీ వాళ్లు విచారణ కౌంటరు వద్ద మీ కొరకు ఎదురుచూచుచున్నారు. ఎక్కడున్నా వెంటనే రావలసిందిగా కోరుచున్నాము."

"వస్తున్నా, ఉండండి," అంది పిన్నిగారు, ఆయన పక్కనే నిలబడి. రోజుకి ఎన్నిసార్లు ఆ పిలుపు వచ్చినా అదే జవాబట.

బ్లోయరక్క నవ్వింది కానీ ఒంటి మీద రోమాలు లేచే ఉన్నాయి. ఒక మనిషి కళ్లెదుట కూర్చుని ఉండగా ఆయన వయసులో ఉన్నప్పటి గొంతు వేరే మూలనుంచి మాట్లాడుతుంటే ఎవరి మొహం చూసి జవాబివ్వాలో తెలియదు.

మెషీను మరీ నత్తలా తయారైందనీ, పొద్దున ఆన్ చేస్తే ఆయన నోరు లేచేసరికి తన వంట సగం అయిపోతోందనీ పిన్నిగారి ఫిర్యాదు. భోంచేశాక అనౌన్సర్ గారిని లోపల పడుకోబెట్టారు. బ్లోయరక్క స్పీకర్ల వైరు పీకింది, దుమ్ము ఊదింది, లిస్టు తెరిచింది. చెడిపోయి మూలపడ్డ ప్రింటరు తాలూకు ప్రోగ్రాము, ఎవరో పిల్లలు ఆడి వదిలేసిన ఆట, బట్టలమ్మే షాపుదొకటి. మధ్యలో ఎక్కడిదో తెలియనిది ఇంకోటి, పేరు చూస్తే "కొత్తది మూడు". దాన్నీ ఆపేసింది. మళ్లీ ఆన్ చేసి చూస్తే మెషీను చిటికెలో లేచింది. పిన్నిగారి మొహం వెలిగిపోయింది. బ్లోయరక్క మెషీను కట్టేసి, స్పీకర్ల వైరు జాగ్రత్తగా మళ్లీ తగిలించింది. అనౌన్సర్ గారు ఇంకా నిద్రలోనే ఉన్నారు. ఆ పూట ఆవిణ్ని ఎవరూ సాగనంపలేదు.

మర్నాడు పొద్దున పనుల హడావుడిలో ఉండగా ఫోన్ మోగింది. ఎత్తితే అవతల మాట లేదు. ఎవరో గాలి పీల్చి వదులుతున్న చప్పుడొక్కటే వినిపిస్తోంది. రాంగ్ నంబరనుకుని పెట్టేసింది. మళ్లీ మోగింది. ఈసారి అత్తగారు ఎత్తి, చెవి దగ్గర పెట్టుకుని, మొహం చిట్లించింది.

"ఎవరో ఊదుతున్నారే. నీ చుట్టాలేమో చూడు."

బ్లోయరక్క ఫోన్ లాక్కుని ఎడాపెడా నాలుగు తిట్లు తిట్టి కట్టేసింది. మూడోసారి మోగినప్పుడు తిట్టడానికి నోరు తెరిచింది కానీ తిట్టలేదు. ఆ ఊపిరి వెనక ఇంకో చప్పుడుంది. టక్. టక్. టకటక్. టక్. ఏదో మీట నొక్కినప్పుడల్లా కిందికొకసారి, పైకొకసారి రెండు చప్పుళ్లు చేస్తోంది. నిన్న కీబోర్డు తుడుస్తూ, ఈ పెద్ద మీట వదులైంది, ఈసారి వచ్చినప్పుడు చూడాలి అనుకున్న మీట అది.

ఫోన్లో మీటలు మోగుతున్నాయి. గొంతు మోగడం లేదు.

ఆవిడకి నిన్నటి లిస్టు గుర్తొచ్చింది. కొత్తది మూడు. ఆపినంత మాత్రాన చచ్చిపోదు, మౌస్‌తో నొక్కుకుంటే లేస్తుంది. ఎడమచేతి రెండు వేళ్లు మాత్రమే ఆడే మనిషి మౌస్ పట్టుకుని ఎలా నొక్కుతాడు? ఆయన కోసమే మేనల్లుడు దాన్ని తనంతట తనే లేచేలా పెట్టాడు. నిన్నంతా ఆ గొంతు గురించి విని, నవ్వి, ఆ గొంతునే పీకేసి వచ్చింది. సరే, పీకింది. మరి ఆ సంగతి చెప్పడానికి పిన్నిగారు కదా ఫోన్ చెయ్యాలి? ఆయనెందుకు చేస్తున్నాడు?

ఆ ఆలోచన వచ్చాక బ్లోయరక్క చెప్పులు కూడా వేసుకోలేదు. రెండు వీధుల అవతలి ఇంటికి పరుగెత్తింది.

తలుపు ఓరగా తీసే ఉంది. ముందుగదిలో అనౌన్సర్ గారు నిన్నటి కుర్చీలోనే ఉన్నారు. తెర వెలుగుతోంది. ఫోన్ బల్ల మీద ఉంది, నిన్న బ్లోయరక్కని రమ్మని పిన్నిగారు చేసిన కాలే అందులో చివరిదైతే ఆ నంబరే మళ్లీ నొక్కినట్టున్నాడు. ఆయన ఎడమచెయ్యి ఒక్క మీటనే పదే పదే కొడుతోంది. కళ్లు మాత్రం వంటింటి గుమ్మం మీదే ఉన్నాయి. ఆ గుమ్మంలోంచి రెండు పాదాలు కనిపిస్తున్నాయి.

పిన్నిగారు నేల మీద పక్కకి ఒరిగి పడి ఉంది. షుగర్ మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా పనిలో పడింది కాబోలు, మాత్రల అట్ట గట్టు మీదే ఉంది. ఒళ్లంతా చెమట. ఊపిరి ఉంది, పిలిస్తే పలుకు లేదు. బ్లోయరక్క కేకలకి పక్కింటావిడ వచ్చింది. అంబులెన్స్‌కి ఫోన్ చేసి, అవతలివాళ్లు చెప్పినట్టు పెదవి లోపల కాస్త చక్కెర రాశారు. పిన్నీ పిన్నీ అని పిలుస్తూ చెంపలు తట్టారు. మొహంలో ఏ కదలికా లేదు.

ముందుగదిలో టక్, టక్, టక్. ఆగడం లేదు. ఎంతసేపట్నుంచి అలా కొడుతున్నాడో, పది అడుగుల దూరంలో భార్య పడి ఉంటే, ఒక్క పిలుపు బయటికి రాక. ఆ చప్పుడు బ్లోయరక్క వీపు మీద పడుతున్నట్టే ఉంది.

పక్కింటావిడని అక్కడ ఉండమని చెప్పి ముందుగదిలోకి పరుగెత్తింది. ఆయన చేతిని మెల్లగా పక్కకి జరిపి, లిస్టు తెరిచి, కొత్తది మూడు వెతికి ఆన్ చేసింది. మెషీను కట్టేసి మళ్లీ ఆన్ చేసింది. నిన్న చిటికెలో లేచిందని మురిసిపోయిన మెషీనే, ఇవాళ ఎంతకీ లేచినట్టనిపించలేదు. ఆయన ఊపిరి ఆవిడ చెవి పక్కనే ఉంది.

టింగ్‌టాంగ్.

ఆయన మీట నొక్కాడు. "మీ వాళ్లు విచారణ కౌంటరు వద్ద మీ కొరకు ఎదురుచూచుచున్నారు. ఎక్కడున్నా వెంటనే రావలసిందిగా కోరుచున్నాము."

వంటింట్లో ఏమీ కదల్లేదు. ఆయన మళ్లీ నొక్కాడు. ఆ గొంతులో తొందర లేదు, ఏడుపు లేదు. ఎప్పుడో ఒక రద్దీ రోజున, ముక్కూ మొహం తెలియని వాళ్ల కోసం, తీరిగ్గా చదివిన ప్రకటన అది. ఆయన కళ్లలోంచి నీళ్లు కారి చొక్కా మీద పడుతుంటే ఆ గొంతు అలా తీరిగ్గా, మర్యాదగా పిలుస్తూనే ఉంది. మళ్లీ. మళ్లీ. బ్లోయరక్కకి చెవులు మూసుకోవాలనిపించింది.

ఎన్నోసారో, వంటింట్లోంచి పక్కింటావిడ "కళ్లు కదిలాయి," అంది. ఆ తర్వాత నేల మీదనుంచి, నూతిలోంచి వచ్చినట్టు, ఒక మాట వినిపించింది.

"వస్తున్నా... ఉండండి."

షుగర్ పడిపోయింది, ఇంకాసేపైతే మనిషి దక్కేది కాదు, చక్కెర రాయడం మంచిదైంది అని ఆసుపత్రిలో అన్నారట. చక్కెరే కావచ్చు.

మేనల్లుడు వచ్చేదాకా ఆవిడ అనౌన్సర్ గారి దగ్గరే కూర్చుంది. వదులు మీట బిగించింది. తప్పు నాదే బాబాయిగారూ, అడగాల్సింది, అడగలేదు అని ఆయన మొహం చూసి చెప్పింది. ఆయన మీటల మీంచి చెయ్యి తీశాడు. ఆవిడ చేతుల వైపే చూశాడు.

మేనల్లుడొచ్చాక లేచి, వట్టికాళ్లతో గుమ్మం దాటింది. వెనకాల గంట మోగింది.

"ప్రయాణికులకు గమనిక. మీ సామాన్లకు మీరే బాధ్యులు."

వెళ్లేవాళ్లందరికీ చెప్పే మాటేనని ఆవిడకి తెలుసు. చేతిలో సంచి లేదు, బ్లోయర్ లేదు, ఏమీ తేలేదు. అయినా బ్లోయరక్క రెండు చేతులూ ఒకసారి తడిమి చూసుకుంది. వెనక్కి తిరిగి ఆయన మొహం చూడటానికి మాత్రం ధైర్యం చాల్లేదు.