ట్రాస్క్ వెనక్కి తీసిన రైలు

ఎల్వుడ్ ట్రాస్క్ హాలీవుడ్ చేరకముందు ఒహాయోలో చెప్పుల కొట్లో గుమాస్తా. డైరెక్టరయ్యాక ఏడాదిన్నరలో డెబ్బై పొట్టి సినిమాలు తీశాడు, దాదాపు వారానికొకటి. అన్నిటికీ కెమెరా పిడి తిప్పింది నేనే. మూకీ రోజులు కదా, బొమ్మ నడుస్తున్నంతసేపూ రేకు బూర నోటికి ఆనించి నటులకు కథ చెబుతూనే ఉండేవాడు. నోరు మూస్తే ఇతనికి ఊపిరాడదని మేము ఏడిపించేవాళ్ళం.

డెబ్బయ్యో సినిమాలో ఆఖరి ఘట్టం గ్లెన్‌డేల్ దగ్గర రైలు పట్టాల మీద తీశాం. లాటీ ఫెన్ అనే నటిని పట్టాలకు కట్టేస్తారు, రైలు దూసుకొచ్చి ఆమె ముందు ఆగుతుంది. అలాంటిది ఉన్నదున్నట్టు ఎవరూ తియ్యరు. ఇంజన్‌ను ఆమెకు బారెడు దూరంలో నిలబెట్టి వెనక్కి పోనిస్తారు. నేను పిడిని తిరగేసి తిప్పుతాను. తెర మీద అది మీదికొచ్చి ఆగినట్టు కనబడుతుంది. నటి కూడా వరస తిరగేసి, ముందు మూర్ఛ, తర్వాత భయం నటించాలి.

నాలుగయితే ఎండ కొండచాటుకు పోతుంది. అప్పటికే మూడున్నర దాటింది. మాకు అలవాటైన డ్రైవరు జ్వరంతో రాలేదు, ఇంకొకతన్ని పంపారు, అతనికి ఈ తిరగేసే పద్ధతి తెలియదు. నా బూర ఏం చెబితే అదే చెయ్యి, ఎదురు ప్రశ్నలొద్దు అని ట్రాస్క్ అతనికి గట్టిగా చెప్పాడు. ఒక్కసారి రిహార్సల్ వేద్దామన్నాను. ఎండ నీ బాబు ఆపుతాడా అని కసిరాడు. అప్పుడే నేను అడ్డం పడి ఉండాల్సింది.

"ముడి కాస్త వదులు చెయ్యండి ట్రాస్క్ గారూ, కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి," అంది లాటీ.

"దొంగ ముడి తెర మీద పట్టిచ్చేస్తుంది తల్లీ. రెండు నిమిషాలు ఓర్చుకో."

లాటీ మూర్ఛపోయినట్టు కళ్ళు మూసుకుంది. నేను పిడి తిప్పడం మొదలుపెట్టాను. ట్రాస్క్ బూర ఎత్తాడు.

"బండి రానీ," అన్నాడు.

అలవాటులో పొరపాటు. వెనక్కి పోనీ అనాల్సినవాడు, జనం చూసే వరసలోనే కథ చెప్పేశాడు. బాయిలరు అడ్డం కాబట్టి డ్రైవరుకు లాటీ కనబడదు. చెప్పినట్టే బండిని ముందుకు కదిలించాడు.

ట్రాస్క్ బూర పారేసి ఆపమని అరుస్తూ పరిగెత్తాడు. ఆవిరి రొదలో ఆ అరుపు ఎవరికి వినబడుతుంది? లాటీ కళ్ళు తెరిచి కేక పెట్టింది. అతను పట్టాల మధ్య మోకాళ్ళ మీద పడి ముడులు పీకాడు. కుడికాలిది ఊడింది. ఎడమకాలిది ఊడలేదు.

డైరెక్టరు 'కట్' అనేదాకా కెమెరా ఆపకూడదని మా పనిలో కట్టుబాటు. ఎవరూ అనలేదు. నా చెయ్యి తిప్పుతూనే ఉంది. ఇన్నేళ్ళయినా ఆ సంగతి తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను.

లాటీకి ప్రాణం దక్కింది, మోకాలి కింద కాలు దక్కలేదు. ట్రాస్క్ మళ్ళీ బూర ముట్టలేదు. లాస్ ఏంజెలెస్‌లో ఒక చిన్న సినిమా హాల్లో ప్రొజెక్టరు తిప్పే పనికి కుదిరాడు. కంపెనీ తగలబెట్టమన్న ఆ రీలును నేను దాచాను. ఎందుకు దాచానో నాకే తెలియదు.

వసంతంలో లాటీ చంకకర్రల మీద వచ్చి ఆ రీలు అడిగింది. వద్దని బతిమాలాను, వినలేదు. ఇద్దరం ట్రాస్క్ ఉన్న హాలుకు వెళ్ళాం. పొద్దున్న వేళ, కుర్చీలన్నీ ఖాళీ. అతను రీలు ఎక్కించాడు.

తెర మీద ఇంజన్ ఆమె కాలి మీదనుంచి వెనక్కి జరిగింది. తెగిన కాలు మళ్ళీ నిండు కాలయింది. ట్రాస్క్ వంగి దాని ముడి బిగించాడు, రెండో కాలికి ముడి వేశాడు, వెనకడుగులు వేస్తూ బొమ్మలోంచి వెళ్ళిపోయాడు. లాటీ నోరు మూతపడింది. కళ్ళు మూసుకుని హాయిగా పడుకుంది.

ట్రాస్క్ వైపు చూసే ధైర్యం నాకు లేకపోయింది. లాటీ మాత్రం తెర మీదనుంచి చూపు తిప్పలేదు.

"మళ్ళీ వెయ్యండి," అంది.

మధ్యాహ్నం ఆటకు జనం వచ్చేదాకా అతను వేస్తూనే ఉన్నాడు.