ఎల్డన్ పెట్టిన టైము

మా ఆయన హాల్వర్ ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపాడు. ఇప్పుడు ఊళ్ళోవాళ్ళు సెలవులకు కారు వెనక కట్టుకుని తిరిగే చక్రాల ఇళ్ళు, అదే క్యాంపింగ్ ట్రైలర్లు, చలికాలమంతా మా కొట్టాంలో దాస్తాడు. అక్టోబరు రాగానే ఒక్కో బ్యాటరీ ఊడదీసి, పేరు అంటించి, నేలమాళిగలో నా ఊరగాయ సీసాల పక్కన చెక్క మీద పేరుస్తాడు. నెలకోసారి మీటరు పెట్టి చూసి, తగ్గినదానికి ఛార్జింగ్ ఎక్కిస్తాడు. "నిండుగా ఉన్నది గడ్డకట్టదే, ఖాళీ అయిందే పగులుతుంది," అంటాడు. ఆ మనిషి నోట్లోంచి రోజంతటికీ వచ్చే మాటలు అంతే. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇద్దరి వంతూ నేనే మాట్లాడుతున్నాను.

పోయినేడు అక్టోబరులో మా ఊరి ఆర్డిస్ తన ట్రైలరు దాచమని తెచ్చింది. ఆ ఆగస్టులోనే ఆమె మొగుడు ఎల్డన్ పోయాడు.

"మా బ్యాటరీ మాత్రం తీయకు హాల్వర్. తీస్తే లోపల గడియారం ఆగిపోతుంది. దానికి టైము పెట్టింది ఎల్డన్," అంది.

"సరే," అన్నాడు. కొట్టాం గోడ నుంచి తీగ లాగి, ట్రైలరుకు ఛార్జరు తగిలించాడు.

జనవరిలో మా నార్త్ డకోటా చలి సంగతి చెప్పేదేముంది, సున్నాకు ముప్పై డిగ్రీలు కిందికి పోయింది. నా ట్రక్కు ఇంజను గడ్డకట్టకుండా కరెంటుతో వెచ్చబెట్టుకోడానికి ఖాళీ ప్లగ్గు దొరక్క, ఆర్డిస్ ట్రైలరు తీగ పీకి నాది పెట్టాను. మళ్ళీ పెట్టడం మరిచాను, నా మతి మండ. మూడు వారాలకు హాల్వర్ చూసేసరికి బ్యాటరీ గడ్డకట్టి, ఉబ్బి పగిలింది. గోడకున్న నా ట్రక్కు తీగ వంక చూశాడు.   కొత్త బ్యాటరీ వేస్తే గడియారం పన్నెండు దగ్గర మిణుకుమిణుకుమంది.

"టైము పెట్టేస్తే ఆమెకేం తెలుస్తుంది?" అన్నాను.

ఆయన బయటికి వెళ్ళిపోయాడు. నేనే పెట్టాను, నా చేతి వాచీ చూసి, నిమిషం తేడా లేకుండా.

ఏప్రిల్లో ఆర్డిస్ వచ్చింది. ట్రైలరెక్కి గడియారం చూసింది, తన వాచీ చూసుకుంది, మళ్ళీ గడియారం చూసింది.

"ఎల్డన్ దీన్ని పది నిమిషాలు ముందు పెట్టేవాడు. నేనెప్పుడూ తెమలనని," అంది మెల్లగా.



"తప్పు నాదే ఆర్డిస్. తీగ ఊడింది, నేను చూసుకోలేదు," అన్నాడు హాల్వర్.

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నోట అబద్ధం వినడం అదే మొదలు. సిగ్గుతో చచ్చిపోయాను.

"కాదు. పీకింది నేను. టైము పెట్టిందీ నేనే," అన్నాను.

 ఆర్డిస్ గడియారంలో నిమిషాల బొత్తాము మీద వేలు పెట్టి, ఒకటీ రెండూ అని లెక్కపెట్టుకుంటూ పదిసార్లు నొక్కింది.