కూరెకుప్పలో సున్నం కొట్టిన గోడ

ఇనుప గనులు జోరుగా నడిచిన రోజుల్లో ఒకసారి కూరెకుప్పలో బస్సు కోసం నిలబడ్డాను. ఎదురింటి గోడ మీద ఊరి యువత లారీ బొమ్మ వేసి, "పెండ్లికి ముందు ఇద్దరూ హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకోండి" అని రాశారు. ఇంటాయన దాని మీద సున్నం కొడుతున్నాడు.

"ఎందుకు చెరుపుతున్నారు?"

"లారీ తోలే మా కొడుకు పెండ్లప్పా. ఈడ పెండ్లి పేర్లు రాయించల్ల. ఇది ఉంటే రోగం మా ఇంట్లోనే ఉండాదనుకుంటారు."

ఆ ఊళ్లో ఎవరి గోడ మీది రాత వాళ్లింటి కబురేనట. నాకు ఒళ్లు మండింది.

"పరీక్ష చేయించారా?"

"మావాడు అట్లాంటోడు కాదు, ఊరుకోప్పా!"

బొమ్మ వేసినవాళ్లలో ఒకరైన పక్కింటి అమ్మాయి బయటికొచ్చింది.

"పెండ్లికూతురిది హగరి ఊరే కదా మామా? పరీక్ష కాగితం చూడకుండా తాళి కట్టించుకోవద్దని ఆయమ్మికే పోయి చెప్తా."

హగరి మీదుగా వెళ్లే బస్సు రాగానే ఆ అమ్మాయి నాకంటే ముందే ఎక్కింది.