సలాం అందుకోని బండి

అబుదాబిలో డ్రైవర్ లేని టాక్సీ ఎక్కడ కనబడినా సరే, గుల్‌మర్జాన్ దాని వెంట పడేవాడు. తన బండిలో బేరం లేకపోతే ఇక ఆపడం ఎవరి తరమూ కాదు.

ఈ పగకు మూలం ఒక సలాం. ఆ బండ్లు కొత్తగా దిగినప్పుడు, సిగ్నల్ దగ్గర పక్కన ఆగినదానికి మర్యాదగా చెయ్యెత్తి సలాం చెప్పాడు. అది పలకలేదు. "మా పెషావర్‌లో గాడిదైనా చెవులు ఊపుతుంది!" అని అప్పటినుంచి కిటికీ దించి తిట్టడం మొదలుపెట్టాడు.

"ఒసేయ్, నీకు లైసెన్సు ఎవరిచ్చారే? రివర్సు పరీక్షలో నేను తప్పీ తప్పీ ముసలాణ్ణయ్యాను, నువ్వెప్పుడు పాసయ్యావు?"

పచ్చలైటు పడగానే బండి వెళ్ళిపోయేది. "చూశారా, జవాబు లేక పారిపోయింది!" అని పక్క బండ్లవాళ్ళతో చెప్పి మీసం తిప్పేవాడు.

అతను నడిపేది ఫోనులో పిలిస్తే వచ్చే టాక్సీ. ఆ కంపెనీలో డ్రైవర్లను చూసుకునేవాడు కుంజహమ్మద్ అనే మలయాళీ. కొత్త బండ్లు సగం బేరాలు లాగేసుకుంటున్న సమయంలో గుల్‌మర్జాన్ ఖాళీ బండితో ఊరంతా తిరుగుతున్నాడని కంప్యూటర్ పట్టేసింది. "పిచ్చి మానకపోతే తాళాలు లాక్కో" అని పైనుంచి హుకుం. మంచివాణ్ణి రోడ్డున పడెయ్యడానికి కుంజహమ్మద్‌కు మనసొప్పలేదు. సంగతేమిటో తేల్చుకుందామని ఓ పొద్దున వెళ్ళి అతని పక్క సీట్లో కూర్చున్నాడు.

"గుల్‌మర్జాన్, ఇవాళ ఏ బండి వెంటా పడవు. తెలిసిందా?"

"తెలిసింది సార్," అంటూనే ముందు పోతున్న డ్రైవర్ లేని బండి వెంట స్టీరింగు తిప్పాడు.

"ఆపవయ్యా! ఉద్యోగం ఊడుతుంది!"

"ఊడనీ సార్. దీన్ని వదల్ను."

ఆ బండి ఆసుపత్రి గేటు దగ్గర ఆగకుండా, దూరాన తనకు గీసిన గడిలో ఆగింది. గుల్‌మర్జాన్ దూకి పరుగెత్తి దాని తలుపు తీశాడు. లోపల నబవియ్య, మోకాళ్ళు అరిగిన ఈజిప్టు ముసలావిడ.

"మళ్ళీ తయారయ్యావా? నీ వాగుడు పడలేకే ఇది ఎక్కుతున్నాను. నీ బండి ఎక్కనని చెప్పానా లేదా?"

"ఎవరు ఎక్కమన్నారమ్మా? దిగు, చాలు."

ఆవిడ రెక్క పట్టుకుని, మందుల సంచి భుజాన వేసుకుని, దారంతా తిట్లు తింటూ గేటులోపలిదాకా దింపి వచ్చాడు.

"ఈవిడ కోసమా ఇదంతా?" అన్నాడు కుంజహమ్మద్.

"ఈవిడొక్కతేనా సార్? ఏ బండిలో ఎవరు దిగలేక కూర్చున్నారో వెనకపడితే గానీ తెలియదుగా. ఆ మొద్దుకు తలుపు తియ్యడం కూడా రాదు."

అంతలో కుంజహమ్మద్ ఫోను మోగింది. పై ఆఫీసు.

"ఏం తేలింది?"

అతను గొంతు సవరించుకున్నాడు. "పోటీవాళ్ళ బండ్లు ఎక్కడ ఆగుతున్నాయో, ఎవరెవరు ఎక్కుతున్నారో నిఘా పెట్టాడు సార్. కంపెనీ మీద ప్రేమతో."

"భేష్. కానివ్వమను."

ఫోను పెట్టేసి చూస్తే, చేతికర్ర ఒళ్ళో పెట్టుకున్న తాతగారితో డ్రైవర్ లేని బండి ఒకటి మలుపు తిరుగుతోంది.

"ఏం చూస్తున్నావయ్యా?" అని కుంజహమ్మద్ బెల్టు బిగించాడు. "బండి తియ్యి, తప్పిపోతుంది!"