అంతా బాగుందని రాసిచ్చాను

ఆ రోజుల్లో ఎవరికైనా వాళ్ల తప్పు ఎత్తి చెప్పడమంటే నాకు చెయ్యెత్తి కొట్టినంత పాపంగా ఉండేది. కర్ణాటకలో సింధనూరు పక్కన కాలువ కింద, మా తాతలు కోస్తా నుంచి వచ్చి వరి వేసుకున్న క్యాంపులో పెరిగినదాన్ని. పెద్దవాళ్లకు ఎదురు చెప్పకపోవడం ఒక్కటే నాకొచ్చిన విద్య (వంట కూడా రాదు). అలాంటిదాన్ని డిగ్రీ కాగానే రాయచూరులో జొన్నరొట్టెలు చేసి ప్యాకెట్లలో అమ్మే చిన్న కేంద్రంలో చేరాను. వారం ట్రైనింగు. ఇద్దరిద్దరిని జతచేసి, రోజూ సాయంత్రం ఒకరి పనిలో మంచీ చెడూ ఇంకొకరు మొహం మీదే చెప్పి, కాగితం మీద రాసివ్వాలన్నారు కేంద్రం నడిపే మేడం. చివరికి పనికొచ్చేవాళ్లనే ఉంచుకుంటారట.

నాకు జతపడింది దగ్గర్లోని కల్మల ఊరి నుంచి వచ్చే ఒక అక్క. ఎండలో పత్తి ఏరే బాధ తప్పి నీడపట్టున పని దొరికిందని సంబరంగా వచ్చింది. నోటికి మాత్రం అడ్డూ ఆపూ లేదు. మొదటిరోజే నా రొట్టెను పైకెత్తి వెలుతురుకు పట్టి, "ఏంది పిల్లా గిది? నడుమ బొక్క, అంచుకు పగుళ్లు! అన్నం తినేటోళ్ల చేతులు గిట్లనే ఉంటయి. నీళ్లు మంచిగ కాగనియ్యి, పిండి గట్టిగ పిసుకు" అంది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి (రొట్టె మాత్రం మర్నాటికి కాస్త గుండ్రపడింది). అక్క చేతి రొట్టెకు వంక పెట్టలేం. కాని ప్యాకింగు దగ్గర ప్లాస్టిక్ కవరు విప్పినప్పుడల్లా వేలు నాలుకకు అద్దుకునేది. నేను చూసేదాన్ని, "అంతా బాగుంది" అని రాసిచ్చేదాన్ని. అయిదు రోజులూ అదే భాగోతం.

ఆరో రోజు మేడం వచ్చి అక్క వెనకే నిలబడి చూశారు. "తినే వస్తువమ్మా ఇది! రేపటి నుంచి రావద్దు" అన్నారు. అక్క మొహం వాడిపోయింది. "ఏం తప్పు జేసిన మేడం? అంతా బాగుందనే రాసింది గద ఈ పిల్ల దినాం" అంటూ నావైపు చూసింది.

"నేను మొదటిరోజు నుంచీ చూస్తున్నాను మేడం. అక్క నొచ్చుకుంటారని చెప్పలేదు. పంపితే నన్ను పంపండి" అని ఏడుస్తూ అక్కవైపు తిరిగి, "మీరు వేలు నాకి కవర్లు విప్పుతున్నారక్కా" అని ఒక్క గుక్కలో అనేశాను.

అక్క తన వేలు తనే వింతగా చూసుకుంది. "గింతేనా? మొదటి దినమే అంటే పక్కన తడిగుడ్డ వెట్టుకుందు గదనే! నా మనసు నొస్తదని నా కూట్ల మన్ను వోస్తివి" అంది. అంటూనే కొంగుతో నా కళ్లు తుడవబోయి, మేడం చూస్తున్నారని చటుక్కున వదిలేసింది. మేడం నవ్వాపుకోలేక మా ఇద్దరికీ ఇంకో వారం గడువిచ్చారు. ఆ వారంలో మేమిద్దరం కాగితాలు వెనకా ముందూ నింపేశాం.

అక్క ఇప్పటికీ అక్కడే ఉంది, రొట్టెలు చేసేవాళ్లందరికీ పెద్దదిక్కుగా. నేను ఇంకోచోట కొత్తవాళ్లకు పని నేర్పుతున్నాను, నా నోరు మంచిది కాదని వాళ్లు చాటుగా అనుకుంటారని తెలుసు. అయినా ఆనాటి ఆ పిల్ల గుర్తొస్తే ముద్దొస్తుంది, సిగ్గూ వేస్తుంది. మంచి పిల్ల అనిపించుకోవాలన్న ఆరాటంలో, తనను నిజంగా బాగుచేస్తున్న మనిషినే ముంచబోయింది, పిచ్చిది.