హిందీలో వచ్చిన ఫోను

గుమ్మఘట్ట దాటి, కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉండే ఊరి హైస్కూల్లో నేను హిందీ టీచరుగా చేరి పన్నెండేండ్లయింది. మా బడి పిల్లలు ఇంట్లో కన్నడం, బయట తెలుగు మాట్లాడతారు. హిందీ వాళ్ళకు పాసు మార్కుల కోసమే. "హిందీ నేర్చుకొని యాడికి పోవల్ల మేడం?" అని అడిగేవాళ్ళు. ధర్మవరంలో మగ్గాల చప్పుడు మధ్య కూర్చొని నేను ఆ భాష చదువుకునింది ఉద్యోగం కోసమే.

నేను బాడుగకుండే ఇంటి పక్కనే ఒక మొగుడూ పెండ్లాం ఉంటారు. ఆయనకు నలభై గొర్రెలు, నాలుగెకరాల ఎర్రమిట్ట ఉన్నాయి. ఆమె వాన పడితే సొంత చేన్లో చెనిక్కాయ, అదే వేరుశనగ, విత్తుతుంది, పడకపోతే కూలికి పోతుంది. ఆయనను అన్నా అనీ, ఆమెను అక్కా అనీ పిలవడం నాకు మొదటి ఏడాదిలోనే అలవాటైంది. కూతుర్ని మొలకాల్మూరు దగ్గర ఇచ్చినారు. ఆ తర్వాత పుట్టినవాడు కొడుకు.

వాడు నా దగ్గరే చదివినాడు. హిందీలో మా బడి మొత్తానికి వాడే చివర. పదో తరగతిలో వానికి ముప్పై అయిదు తెప్పించడానికి నేను పడిన పాట్లు ఇప్పుడు తలచుకున్నా నవ్వొస్తుంది. పరుగులో మాత్రం వాణ్ణి పట్టేవాళ్ళు లేరు. తెల్లారకముందే రాయదుర్గం రోడ్డు మీద పరిగెత్తి, ఎండ ఎక్కే వేళకు ఇంటికొచ్చి, తలుపు దగ్గరే చెంబెడు మజ్జిగ నిలబడి తాగేవాడు. రెండోసారి సెలక్షన్లకు పోయినప్పుడు మిలిటరీలో తీసుకున్నారు.

మొదటి సెలవుకొచ్చిన రోజు బ్యాగు ఇంట్లో పడేసి నేరుగా మా వాకిట్లోకి వచ్చినాడు. నన్ను నోరు తెరవనీయకుండా అయిదు నిమిషాలు హిందీలో గడగడా మాట్లాడినాడు. ఎండ గురించి, రైలు గురించి, వాళ్ళ ఆఫీసర్ల గురించి. ఆడ మగ తేడా మాత్రం ఇంకా పట్టుబడలేదు. వాళ్ళమ్మ 'వంట చేసినాడు', వాళ్ళ నాయన 'గొర్రెలు తోలుకుపోయింది'. అంతా అయినాక చేతులు కట్టుకొని, "ఇప్పుడెన్ని మార్కులేస్తారు మేడం?" అన్నాడు.

"ముప్పై అయిదే," అన్నాను.

"ఇంకా అంతేనా?" అని పగలబడి నవ్వినాడు. ఆ సెలవంతా మా ఇంటికి తాగేనీళ్ళ క్యాన్లు వాడే మోసినాడు. వద్దంటే వినలేదు.

వాడు పనిచేసేది ఫిరంగి దగ్గర. వాళ్ళమ్మకు అది ఎంత చెప్పినా అర్థమయ్యేది కాదు. భుజం మీద మోసే తుపాకీ అనే అనుకునేది. ఒకరోజు వాడు రోకలిని అరుగు మీద ఏటవాలుగా ఆనించి, "ఇది లారీ అంత పొడుగుంటాదిమా. ఏడెనిమిది మంది ఉంటే గానీ పని జరగదు. ఒగడు గుండు తెస్తాడు, ఒగడు లోపలికి తోస్తాడు, ఒగడు గురి చూస్తాడు," అని చూపించినాడు.

"నువ్వేం చేస్తావురా?" అని అడిగింది.

"నేను గురి చూస్తా."

"దూరంగా నిలబడి చూడు నాయనా," అనింది ఆమె.

ఆ ఫోను ఒక మామూలు రోజు వచ్చింది. మధ్యాహ్నం అన్నం బెల్లు తర్వాత రెండో పీరియడు. తొమ్మిదో తరగతిలో ఉన్నాను. వాళ్ళ నాయన తలగుడ్డ లేకుండా తలుపు దగ్గరికొచ్చి నిలబడినాడు. ఫోనును కాలే వస్తువు మాదిరి చెయ్యి చాచి పట్టుకున్నాడు.

"మేడం, ఎవరో హిందీలో మాట్లాడతాండారు. మావాని పేరు చెప్తాండారు. నాకేమీ తెలియల్యా."

నేను వరండాలోకి వచ్చి ఫోను తీసుకున్నాను. అవతల ఒక పెద్దాయన గొంతు, సుబేదారునని చెప్పినాడు. నేనెవరని అడిగినాడు. పక్కింటిదాన్ని, ఆ అబ్బాయికి చదువు చెప్పినదాన్ని అన్నాను. తండ్రి పక్కనే ఉన్నాడా అని అడిగి, మెల్లగా చెప్పినాడు. పొద్దున ఎడారిలో ఫైరింగు ప్రాక్టీసు జరుగుతున్నప్పుడు గుండు ఫిరంగి మూతి దగ్గరే పేలింది. ముగ్గురికి దెబ్బలు. మీ అబ్బాయి అక్కడికక్కడే పోయినాడు.

అర్థమైంది. అయినా మళ్ళీ చెప్పమన్నాను. ఆయన విసుక్కోలేదు. మళ్ళీ అవే మాటలు, అదే వరుసలో చెప్పినాడు.

ఇన్నేండ్లలో హిందీ నుంచి తెలుగులోకి ఎన్ని వాక్యాలు మార్చి చెప్పినానో లెక్కలేదు. ఆ వాక్యాన్ని మాత్రం ఉన్నదున్నట్టు మార్చలేకపోయినాను. చివరికి, "అన్నా, పిల్లోడు లేడంట," అన్నాను.

"యాడ ల్యాడు?" అన్నాడు ఆయన. "డ్యూటీలో ల్యాడా? యాడికి పోయినాడంట?"

ఆయన అంత అమాయకంగా అడుగుతాడని నేను అనుకోలేదు. రెండోసారి చెప్పక తప్పలేదు. ఈసారి దాపరికం లేని మాటతో చెప్పినాను. ఆయన వరండా స్తంభాన్ని పట్టుకొని, ఫోను వైపు చూస్తూ, "మేడం, ఆయమ్మ చేన్లో ఉండాది. ఎట్ల చెప్పేది?" అన్నాడు. ఆ క్షణంలో కూడా ఆయనకు భార్య సంగతే ముందు తట్టింది.

ఇద్దరం కలిసి చేనికి పోయినాం. ఆమె కలుపు తీస్తోంది. గట్టు మీద మమ్మల్ని దూరం నుంచే చూసింది. బడి వేళలో నేను, గొర్రెలు లేకుండా ఆయన. మేం దగ్గరికి పోకముందే సాలులో కూలబడిపోయింది. ఆమెకు నేను చెప్పవలసిన పని లేకపోయింది.

మూడో రోజు బెంగళూరు మీదుగా వాణ్ణి మిలిటరీ బండిలో తెచ్చినారు. చుట్టుపక్కల ఊర్లన్నీ కదిలొచ్చినాయి. పెట్టె తెరవకూడదన్నారు. ఆ మాట కూడా నేనే చెప్పాల్సి వచ్చింది. ఆమె, "కాళ్ళు ఏ పక్కకున్నాయో అడుగు మేడం," అనింది. అడిగి చెప్పినాను. ఆమె ఆ పక్కకు పోయి, జెండా అంచు కొంచెం పక్కకు జరిపి, చెక్క మీద అరచేయి పెట్టి కూర్చుంది. ఎంతసేపు కూర్చున్నా ఆ సైనికులు ఎవరూ తొందర పెట్టలేదు.

నెల దాటినాక ఒక ఆదివారం పొద్దున ఆయన మళ్ళీ ఫోను పట్టుకొని మా ఇంటికొచ్చినాడు. ఆమె కూడా వెనకే వచ్చింది, చేతులకు సజ్జపిండితో. ఈసారి అవతల ఉన్నది కుర్ర గొంతు. రాజస్థాన్ వాణ్ణన్నాడు. అదే ఫిరంగి దగ్గర మీవాని పక్కనే ఉన్నాను, ఇంతకాలం ఆసుపత్రిలో ఉన్నాను, అమ్మతో మాట్లాడాలి అన్నాడు. నేను స్పీకరు పెట్టినాను.

ఆమె మొదట అడిగింది తిండి సంగతి. "ఆ పొద్దున ఏమన్నా తిన్న్యాడా?"

పూరీలు, ఆలుగడ్డ కూర తిన్నాడు, టీ రెండు గ్లాసులు తాగినాడు, నా పళ్ళెంలో నుంచి కూడా ఒక పూరీ లాక్కున్నాడు అన్నాడు. అది చెప్తే ఆమె కండ్లు తుడుచుకుంటూనే, "వాని బుద్ధే అది," అనింది.

తర్వాత పిండి ఆరిపోయిన వేళ్ళు నలుపుకుంటూ కూర్చొని, నా వైపు చూసి అడిగింది.

"పడిపోయినాక అమ్మా అన్న్యాడేమో అడుగు మేడం."

నేను అడిగినాను. ఫోను తెగిపోయిందేమో అనుకున్నాను. "లేదు టీచర్‌జీ," అన్నాడు ఆ అబ్బాయి. "ఏమీ అనలేదు. అనడానికి టైమే లేదు. నేను రెప్ప వేసి తెరిచేలోపల అంతా అయిపోయింది."

వాళ్ళిద్దరూ నా ముఖమే చూస్తున్నారు. 'అవును, అమ్మా అన్నాడంట' అని ఒక్క మాట చెప్తే చాలు. ఆ అబ్బాయికి తెలుగు రాదు, వీళ్ళకు హిందీ రాదు. నా అబద్ధం ముగ్గురిలో ఎవరికీ తెలియదు. ఆ మాట నా నోటి చివరిదాకా వచ్చింది కూడా. ఎందుకో తెలియదు గానీ చెప్పలేకపోయినాను. అతను అంత కష్టపడి నిజం చెప్పినాక దాన్ని మధ్యలో మార్చడానికి నేనెవరు అనిపించింది. ఉన్నది ఉన్నట్టు చెప్పినాను.

ఆమె గట్టిగా ఊపిరి వదిలి, "అయితే వానికి నొప్పి తెలియల్యా," అనింది. "అంత బిరీన పోయినాడంటే ఏమీ తెలిసిండదు. నేనేమో దినామూ వాడు ఆ ఇసకలో పడి అమ్మా అమ్మా అంటాంటే నేను పోలేకపోతినే అని ఏడుస్తాండా మేడం."

నిజం విని ఆమె కూలిపోతుందని భయపడినాను. ఆమె లేచి ఇంటికి పోయి, పొయ్యి మీద మిగిలిన రొట్టెలు కాల్చుకొనింది. ఆ రోజు కడుపు నిండా తినిందని తర్వాత ఆయన చెప్పినాడు.

నాలుగు నెలలకు ఆ అబ్బాయే వచ్చినాడు. రాయదుర్గం బస్టాండుకు నేనూ ఆయనా పోయినాం. పొడుగ్గా ఉన్నాడు, మెడ మీద ముడతలు పడిన కొత్త చర్మం. ఎడమ చెవి పూర్తిగా వినపడదు. మాట్లాడేటప్పుడు తల కొంచెం తిప్పి పెట్టేవాడు. దారి పొడుగునా కిటికీలోంచి ఎర్రనేలనూ ఎండిన వంకలనూ చూస్తూ, "మా వైపు మాదిరే ఉంది. ఇసక ఒక్కటే తక్కువ," అన్నాడు.

ఇంట్లోకి రాగానే ఆమె చాప వేసింది. అతను కూర్చోలేదు. రెండు చేతులూ ముందుకు చాచి నిలబడి, "టీచర్‌జీ, నేను చెప్పేది ఒక్క మాట వదలకుండా చెప్పండి," అన్నాడు. అప్పుడు చెప్పినాడు, ఆ గుండు తెచ్చింది తనేనని. పెట్టెలోంచి తీసి, రొమ్ముకు ఆనించి మోసుకొచ్చి, ఈ చేతులతోనే లోపల పెట్టినానని. విచారణలో తప్పు గుండులోనే ఉందని, మనిషి చేతిలో లేదని తేల్చినారు. "కానీ చేతులు నావి కదా. అమ్మ ఏం శిక్ష వేసినా సరే."

నేను వదలకుండా చెప్పినాను. ఆయన వింటూ వింటూ లేచి గొర్రెల దొడ్డి వైపు పోయినాడు. ఆమె ఆ చేతులనే చూస్తూ ఉంది. మణికట్ల దగ్గర కాలిన మచ్చలున్నాయి. లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి అతని ముందు పెట్టింది.

"చేతులు కడుక్కోమను మేడం. సంగటి చల్లారిపోతాంది."

"ఏమంటున్నారు?" అని అడిగినాడు అతను, భయంగా.

"చేతులు కడుక్కోమంటున్నారు. అన్నం చల్లారిపోతోందంట."

ఇంకేమైనా అంటుందేమోనని అతను చూసినాడు. ఆమె ఆకులో సంగటి ముద్ద పెట్టి, పక్కన చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి వేసింది. అతను వాకిట్లో చేతులు కడుక్కుంటూ అక్కడే గోడకు తల ఆనించి చాలాసేపు ఏడ్చినాడు. నేను పోబోతే ఆమె నా చెయ్యి పట్టి ఆపింది. "ఏడ్సనీ," అనింది.

సంగటి తినడం అతనికి చాతకాలేదు. నమిలి నమిలి అవస్థ పడుతుంటే ఆమె చూడలేక, "మింగాల అప్పా, నమలకూడదు," అని చేత్తో చూపించింది. ఊరుబిండి కారానికి అతని కండ్లల్లో నీళ్ళొచ్చినాయి. "మీవాడు ఇది సీసాలో తెచ్చి మా అందరితో పందెం కట్టి తినిపించేవాడు. ఒక్కడు కూడా గెలవలేదు," అన్నాడు. సజ్జ రొట్టె పెట్టేసరికి మాత్రం ముఖం విప్పారింది. వాళ్ళింట్లోనూ అదేనంట. ఆమె మొదట ఎడమ పక్కన కూర్చుంది. రెండు మాటలకు బదులు రాకపోతే సంగతి గ్రహించి, లేచి కుడి పక్కకు మారింది. ఉన్న మూడు రోజులూ ఆ పక్కనే కూర్చుంది.

సాయంత్రం ఆయన దొడ్డి నుంచి వచ్చి, అతని భుజం తట్టి, రమ్మని తల ఊపినాడు. నేను లేస్తుంటే, "నువ్వొద్దులే మేడం," అన్నాడు. ఇద్దరూ దొడ్డిలో ఏం మాట్లాడుకున్నారో, ఏ భాషలో మాట్లాడుకున్నారో నాకు తెలియదు. చీకటి పడకముందే వచ్చినారు. కుంటుతున్న గొర్రె గిట్టలో ముల్లు అతనే పట్టి తీసినాడంట. "ఈనికి గొర్రెలు తెలుసు మేడం," అన్నాడు ఆయన. కొడుకు పోయినాక ఆయన నోట నేను విన్న మొదటి మెచ్చుకోలు అది.

తర్వాత ఆ అబ్బాయిని చెవి కారణంగా స్టోర్సు పనికి మార్చినారు. పోయిన చలికాలంలో పెండ్లి అయింది. వీళ్ళు అంత దూరం పోలేకపోయినారు. నేను ధర్మవరం పోయినప్పుడు ఎర్ర చీర, ఆకుపచ్చ అంచుది, ఆమె చెప్పినట్టే ఏరి తెచ్చినాను. పార్సిలు కట్టేటప్పుడు ఆమె అందులో రెండు శేర్ల చెనిక్కాయ విత్తనం కూడా పెట్టింది. ఇసకలో కూడా పండుతుందో లేదో చూడమని.

ఇప్పుడు ప్రతి ఆదివారం అతను నేరుగా ఆమెకే ఫోను చేస్తాడు. మొదట్లో నన్ను పిలిచేవాళ్ళు, తర్వాత తర్వాత పిలవడం మానేసినారు. ఆమె తెలుగులో మాట్లాడుతుంది, అతను హిందీలో మాట్లాడతాడు. ఆమె స్పీకరు పెట్టుకుంటుంది గాబట్టి గోడకు ఇవతల నాకు రెండూ వినపడతాయి. ఆమె వాన గురించి చెప్తుంటే అతను తన మోకాలి నొప్పి గురించి చెప్తుంటాడు. ఇద్దరూ "ఆఁ, ఆఁ" అనుకుంటారు.

పోయిన వారం నేను బట్టలు ఆరేస్తుంటే ఆమె గోడ మీదుగా నవ్వుతూ కనిపించింది.

"ఏమక్కా, ఏమన్నాడు?" అని అడిగినాను.

"ఏమో మేడం. గొర్రె ఈనిందంటాండాడో, పెండ్లాం నీళ్ళు పోసుకుందంటాండాడో. గొంతు మాత్రం సంబరంగా ఉండాది. రెండిట్లో ఏదైనా మంచిదే గదా."

నేను ఫోను చేసి కనుక్కున్నాను. రెండోదే నిజం. ఆ మాట చెప్పేసరికి ఆమె, "ఎన్నో నెలంట?" అనింది. అడగలేదన్నాను.

"ఏం టీచరమ్మవు నువ్వు! అది గదా ముందు అడగాల్సింది," అని కోప్పడి, తడి బట్టలు నా చేతిలోంచి లాక్కొని, మళ్ళీ ఫోను చేయమనింది.